ఖాళీగా ఉంచాల్సిన గడి

మా పక్కింటి జాగ్రఫీ సార్ గురువారం ఉదయం పోయారు. కాఫీ తాగి, పేపరు మడిచి, కుర్చీలోనే ఒరిగిపోయారని వాళ్ల ఆవిడ చెప్పారు. విస్సన్నపేట, ఎ.కొండూరు వైపు నుంచి పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. కానీ ఒక రోజంతా ఆయన వెనక కాగితాలు పట్టుకుని తిరిగాను. ఆ రోజు సంగతి ఒకటి చెప్పాల్సినవాళ్లకు ఇంతవరకూ చెప్పలేదు.

సార్ జేబులో పెన్సిలే ఉండేది. చెమటకు ఇంకు చెదురుతుందనేవారు. తెలిసిన దారైనా ఎవరినో ఒకరిని అడిగి గానీ వెళ్లేవారు కాదు. వాళ్ల ఆవిడ విసుక్కుంటే, "దారి నాకు తెలుసులేవే, ఆయనేం చెబుతాడో విందామని" అనేవారు.

రిటైరయ్యే ఏడాది, కొత్త రాజధానిలో జనం ఎలా బతుకుతున్నారో చూసి రావడానికి డిగ్రీ పిల్లల్ని తీసుకెళ్తానన్నారు. ఐదుగురూ ఆడపిల్లలే. తోడుగా ఆడమనిషి లేకపోతే పంపమన్నారట ఇళ్లల్లో. సార్ మా ఇంటికొచ్చి అడిగారు.

"నాకేం తెలుసు సార్ జాగ్రఫీ?" అన్నాను.

"నీకు రాసిపెట్టడం తెలుసుగా. గ్యాస్ బండ ఏ రోజు మార్చిందీ క్యాలెండర్ చూసి చెబుతావు."

"తీసుకెళ్లండి సార్," అన్నారు మావారు. "రాజధానికి బూజు కూడా దులిపి వస్తుంది."

బెజవాడలో బస్సు మారి వెళ్లాం. వెడల్పాటి రోడ్లు, మధ్యలో ఖాళీ నేల, అక్కడక్కడా ఎత్తయిన అపార్ట్‌మెంట్లు. ఒక్కో గుమ్మం ముందూ ఆగి అడగాలి. ఎక్కడి నుంచి వచ్చారు, కూరగాయలు ఎక్కడ కొంటారు, జ్వరమొస్తే ఎటు వెళ్తారు. చివరి ప్రశ్న, పక్కింటివాళ్లతో మాట్లాడతారా అని. "ముందు మంచినీళ్లడగండి," అని సార్ పిల్లలకు చెప్పారు. "నీళ్లిచ్చిన మనిషి నిదానంగా మాట్లాడుతుంది."

నాలుగో అంతస్తులో నా వయసావిడే ఒకావిడ అన్నిటికీ జవాబు చెప్పింది. చివరి ప్రశ్న అడిగేలోగా కుక్కర్ కూసింది. ఆవిడ తలుపు వేసుకుంది. నాకు ఖాళీ గడి చూస్తే తోచదు. 'అవును' దగ్గర టిక్కు పెట్టేశాను.

సాయంత్రం బస్టాపులో సార్ కాగితాలు తిరగేస్తూ, ఎవరు ఏ మాట అన్నారో ఉన్నదున్నట్టు చెప్పించుకున్నారు. నా కాగితం దగ్గరకొచ్చి, "ఈవిడ ఏమందమ్మా?" అన్నారు.

పిల్లలు కాస్త అవతల బస్సు కోసం చూస్తున్నారు. అడగలేదని ఒప్పుకోక తప్పలేదు. "పక్కింటివాళ్లతో మాట్లాడనివాళ్లు ఎవరుంటారు సార్?" అన్నాను మెల్లగా.

"మన తిరువూరులో ఉండరమ్మా. ఇక్కడి సంగతి తెలుసుకుందామనే కదా వచ్చాం. తెలియకపోతే ఖాళీగా ఉంచు. ఖాళీ గడి అబద్ధమాడదు."

అంతలో బస్సొచ్చింది. సార్ ఎక్కలేదు. పిల్లల వైపు తిరిగి, "ఒక ఇంట్లో ఒక ప్రశ్న మర్చిపోయాను. మళ్లీ వెళ్లాలి" అన్నారు.

"ఒక్క ప్రశ్న కోసం బస్సు వదిలేస్తారా సార్? మీకు మతిమరుపు బాగా ఎక్కువైంది," అంది ఒక పిల్ల.

"అందుకే కదా రిటైర్ చేస్తున్నారు," అన్నారు సార్.

పిల్లలు నవ్వారు. ఆ తప్పు నాదని నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఐదుగురు పిల్లలూ, ఇది మీరు చదివితే, ఆ బస్సు పోయింది నా వల్ల. సార్ ఏదీ మర్చిపోలేదు.

ఆవిడ తలుపు తీసి, "మళ్లీ వచ్చారేంటండి?" అంది. సార్ మంచినీళ్లడిగారు. నేను ప్రశ్న అడిగాను.

"పక్కవాళ్లా?" అంది ఆవిడ. "మేమొచ్చి ఎనిమిది నెలలైందండి. ఆ ఎదురింటివాళ్ల తలుపు చప్పుడైతే నేను లోపలే ఆగుతాను. వాళ్లు వెళ్లాక బయటికొస్తాను. వాళ్లేమనుకుంటారో ఏమో." తర్వాత గొంతు తగ్గించి, "మీరు ఆ ఇంటికీ వెళ్లారుగా, ఏం చెప్పారు?" అని అడిగింది.

ఎదురింటి కాగితం నా చేతిలోనే ఉంది. అందులో 'లేదు' అని ఉంది. దాని పక్కన ఆ ఇంటావిడ మాట నేనే రాశాను: 'పలకరిస్తే ఏమనుకుంటారోనని.' చెప్పేద్దామని నోరు తెరిచాను.

"అది మేం చెప్పకూడదమ్మా," అన్నారు సార్ నాకంటే ముందే. "ఎవరి మాట వాళ్లే చెప్పాలి. నువ్వే అడుగు."

ఆవిడ నవ్వింది. టిక్కు చెరిపి 'లేదు' దగ్గర పెట్టాను. సెలవు తీసుకుని లిఫ్టు ఎక్కాం. తలుపులు దగ్గరకొస్తుంటే సన్నటి సందులోంచి వసారా కనిపించింది. ఆవిడ ఎదురింటి గుమ్మం ముందు నిలబడి కొంగు సర్దుకుంటోంది. పిల్లలు ఏదో అనబోతే సార్ పెదవుల మీద వేలు పెట్టారు. లిఫ్టు కిందికి దిగుతున్నంతసేపూ మేం ఏడుగురం ఊపిరి బిగబట్టి, పైన తలుపు చప్పుడు కోసం చెవులు పెట్టి నిలబడ్డాం.