మాగుడు గదిలో గబ్బు

ఒక్క మాటతో మా మామగారి మామిడిపళ్లన్నిటినీ పెంటకుప్పకి పంపబోయిన ఘనత నాది. చిన్నప్పటినుంచీ రోజూ డైరీ రాసే నేను, సిగ్గుతో పేజీ ఖాళీగా వదిలేసిన రోజు అదొక్కటే.

అరవైల్లో మాట. కొత్త అల్లుడిగా వేసవిలో ఆగిరిపల్లి వెళ్లాను. దారిలో వాన. మామగారింట్లో ఒక గదినిండా వరిగడ్డిలో చినరసాలు మాగేశారు. మర్నాడు పొద్దున్నే బాపులపాడు నుంచి పళ్ల వ్యాపారి వచ్చాడు. ఆయన గడ్డి తియ్యడు. గుమ్మంలో నిలబడి, కళ్లు మూసుకుని గాలి పీలుస్తాడు. ఆ ముక్కు ఊఁ అంటే బేరం, ఊహూఁ అంటే పళ్లన్నీ మనమే తినాలి.

పెద్దమనిషి తరహాగా నేనూ పక్కన నిలబడి పీల్చాను. పీల్చి ఊరుకోవచ్చుగా!

"ఏంటండీ ఈ గబ్బు?" అన్నాను.

మా వైపు 'వాసనొస్తోంది' అంటే అనుమానం, 'కంపు' అంటే నిర్ధారణ. 'గబ్బు' అన్నాక ఇక ఎత్తి పారెయ్యడమే. మాగుడు గదిలో, అదీ వ్యాపారి ముందు, పసిపిల్లలు కూడా ఆ మాట అనరు.

మామగారి మొహం పాలిపోయింది. "గబ్బేంటి బాబూ? పండిన వాసన!"

"ఆగండి," అన్నాడు వ్యాపారి ముక్కు ఎగరేస్తూ. "ఇంటల్లుడు అబద్ధం ఎందుకాడతాడు? నాకూ తగుల్తోంది. ఈ సరుకు నాకొద్దండీ."

"ఏడాది కష్టమండీ! ఒక్కసారి గడ్డి తీసి చూడండి," అని మామగారు పంచె ఎగ్గట్టి తనే తియ్యడం మొదలుపెట్టారు. వ్యాపారి వేటకుక్కలా మూలమూలా వాసన పడుతున్నాడు.

వెనకనుంచి మా ఆవిడ గొణిగింది: "ఏవండీ, నిన్న తడిసిన మీ సాక్సులేవి?"

మాగేసిన గడ్డి వెచ్చగా ఉంటుంది కదా, తెల్లారేసరికి ఆరిపోతాయని వాటిని అందులో దూర్చింది నేనే! కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నా నోరు జారింది నా కాళ్ల గురించే.

"ఆ మూల వద్దండీ! తేళ్లుంటాయి!" అని అరిచాను.

"తేలు ఇంత కంపు కొట్టదు బాబూ," అంటూ వ్యాపారి చెయ్యి పెట్టేశాడు. నైలాన్ సాక్సుల జత ఆయన చిటికెనవేలికి వేలాడుతూ బయటికొచ్చింది. అందరూ నా వట్టి కాళ్లకేసి చూశారు. మామగారు దేవుడికేసి చూశారు.

వ్యాపారి సాక్సుల్ని వాకిట్లోకి విసిరేసి, మళ్లీ గడ్డి మీదికి వంగి నిదానంగా పీల్చాడు.

"సరుకు బంగారమండీ, తీసుకుంటాను," అన్నాడు మామగారితో. "అల్లుడుగారే కాస్త ఎక్కువ మాగారు."

ఆ గడ్డి సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఎక్కడ ఏ గబ్బు తగిలినా, నోరు తెరిచేముందు నా కాళ్లు కడుక్కొస్తానని. పెళ్లి పందిట్లోంచి కూడా నేను గబుక్కున లేచి నూతి దగ్గరికి పోతుంటే, చూసినవాళ్లు ఎంత ఆచారమో అని దణ్ణం పెడుతున్నారు.