పెట్టె మీద తెలుగు వాక్యం

నేను పనిచేసే యూనివర్సిటీని ఫాదర్లు నడుపుతారు. సచిన్ అనే ఊరు దాటాక లోపలి రోడ్డులో ఉంటుంది. ప్రతి ఏడాది స్థాపన రోజున ఒక ఫాదర్ మైకు ముందు నిలబడి దాని కథ చెబుతాడు. ఇద్దరు ఫాదర్లు రైలు దిగారు, రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నారు, మిల్లు కార్మికుల పిల్లలకు చదువు చెప్పారు. షెడ్డు బడి అయింది, బడి కాలేజీ అయింది, ఇప్పుడు అద్దాల బిల్డింగుతో యూనివర్సిటీ అయింది. రేకుల షెడ్డు ఫోటో ఆఫీసు బయట గోడకు ఉంది. దాని అద్దం తుడిచేది నేనే. అందులో పిల్లలు నేల మీద కూర్చుని ఉంటారు, కాళ్లకు చెప్పులుండవు. ఇప్పుడు చదివే పిల్లలు అడాజన్ లాంటి డబ్బున్న పేటల నుంచి కార్లలో వస్తారు.

మా ఆయన మగ్గం పనికి సిరిసిల్ల దిక్కు నుంచి ఈ గుజరాతీ ఊరొచ్చాడు. ఆయన పోయాక నేను ఈ చీపురు పట్టుకున్నాను. మొదట్లో ఒకసారి వరండాలో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే పిల్లలు వెనకాల నా మాటను అనుకరించి నవ్వారు. సూపర్‌వైజరు చాలా రోజులు నన్ను మద్రాసీ అని పిలిచాడు. అప్పటి నుంచి గేటు లోపల హిందీ తప్ప మాట్లాడలేదు.

ప్రార్థన గుడి వెనక మాత్రం తెలుగు ఉండేది. అక్కడ ఒక సిస్టర్ ఉండేది, గుంటూరు వైపు ఆమె. నాకు వేలిముద్ర తప్ప రాదని చూసి, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక రమ్మంది. గుజరాతీ నేర్పనా, పనికొస్తుంది అని అడిగింది. మా అమ్మ మాట్లాడిన మాటకు అక్షరాలుంటే అవి చూడాలని ఉంది అన్నాను. రెండేళ్లు పలక మీద దిద్దించింది. గుళ్లో ఒక చెక్కపెట్టె ఉంటుంది. ఎవరి బాధ వాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు, శుక్రవారం ప్రార్థనలో వాటిని చదువుతారు. పెట్టె పైన ఆమె నాలుగు భాషల్లో రాసి అంటించింది. తెలుగు వరుసలో, మీ భాషలో రాయండి, దేవుడు వింటాడు, అని ఉండేది. నేను ఎవరి సాయం లేకుండా చదివిన మొదటి వాక్యం అదే.

సిస్టర్లకు బదిలీలుంటాయి. ఒక మే నెలలో ఆమెను పంపేశారు. కొత్త సిస్టర్‌కు తెలుగు రాదు. పెట్టె మీది కాగితం మాత్రం అలాగే ఉంది, ఎవరూ తీయలేదు. తీయాలని నాకూ తోచలేదు.

ఆ జూన్‌లో ఒక పిల్ల చేరింది. రెండో అంతస్తు మెట్ల మీద, మంచినీళ్ల మిషన్ పక్కన ఒంటరిగా కూర్చుని డబ్బా తినేది. నేను తడిగుడ్డ కర్రతో వచ్చి, బేటీ, పైర్ హటావ్, అనేదాన్ని. కాళ్లు పైకెత్తి, సారీ ఆంటీ, అనేది. ఎండ గురించి, బస్సు గురించి ఒకటి రెండు మాటలు, అన్నీ హిందీలోనే. ఒకరోజు ఆమె డబ్బాలో గుండ్రటి రొట్టె కనిపించింది. పల్లీలు, నువ్వులు, మధ్యలో వేలితో పెట్టిన చిల్లులు. మరాఠీ వాళ్ల పిల్ల కాబోలు, వాళ్ల రొట్టె ఇలాగే ఉంటుంది అనుకున్నాను. అది మా దిక్కు సర్వపిండే, నేను పుట్టినప్పటి నుంచి తిన్నదాన్ని. అయినా అలా అనుకుని తుడుచుకుంటూ పోయాను.

సంక్రాంతి పతంగులు అయిపోయాక ఆ పిల్ల కనిపించడం మానేసింది.

విభూది బుధవారానికి ముందు రోజు, పోయిన ఏటి మట్టల ఆదివారం నాటి ఎండు మట్టలు కాల్చి బూడిద చేస్తారు. ఏడాది పొడుగునా వచ్చిన చీటీలను కూడా వాటితో కాలుస్తారు. కాల్చే పని నాది. కొత్త సిస్టర్ బీరువాలో దాచిన గుడ్డసంచీ తెచ్చిచ్చింది. అన్నేళ్లు ఆ సంచీని అలాగే మంటలో బోర్లించాను. ఆ రోజు చేయి ఆగింది. పైనే తెలుగు ఉంది.

వెతికితే ఇంకా దొరికాయి, అన్నీ ఒకే చేతి రాత. సిస్టర్‌ను అడిగాను. ఇది ఏ భాషో తెలియక పక్కన పెట్టేదాన్ని, దేవుడికి అన్ని భాషలూ వచ్చు కదా, అంది. చెడ్డగా అనలేదు. నిజంగా నమ్మే అంది.

నిప్పు పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. ఇంగ్లీషుల చెప్పేది నాకు అర్థమైతలేదు, అర్థమయ్యేటట్టు చెయ్యి, అని ఒకటి. ఇయ్యాల గుడ ఎవ్వరితోని మాట్లాడలే, అని ఒకటి. ఒక్కలనన్న తెలుగు మాట్లాడేటోల్లను నా దిక్కు పంపు, అని మూడు చీటీల్లో ఉంది. ఇంకొకటి ఇలా ఉంది: మెట్ల మీద నీళ్ల కాడ తింట. తుడిసే ఆంటీ ఒక్కతే మాట్లాడ్తది. అది గుడ హిందీల.

నా గురించి ఎవరైనా రాసింది అదొక్కటే. మళ్లీ మళ్లీ చదివాను, ఇంకో అర్థం వస్తుందేమోనని.

చివరి చీటీ: రేపటి సంది రాను. నువ్వు వినలేదని కోపం లేదు.

మిగతావి కాల్చి, ఆ తెలుగు చీటీలు కొంగున ముడేసుకున్నాను. తెల్లారి ఆ బూడిద అందరి నుదుటి మీదా పెట్టారు. నేను ఆఫీసుకు వెళ్లి ఆ పిల్ల ఆనవాళ్లు చెప్పాను. హాజరు చాలక పేరు కొట్టేశామని క్లర్కు చెప్పాడు. పెద్ద ఫాదర్ ఓపిగ్గా విన్నాడు. జూన్‌లో మళ్లీ రమ్మను, చూద్దాం, అన్నాడు. ఆయన గది బయటే రేకుల షెడ్డు ఫోటో ఉంది. క్లర్కును బతిమాలితే ఇల్లెక్కడో చెప్పాడు.

ఆదివారం జోల్వా వెళ్లాను. వాళ్ల నాయిన మగ్గాలు నడిపే షెడ్డులోనే ఆ పిల్ల నూలు కండెలు చుడుతోంది. చప్పుడుకు మాట వినపడదు. చేయి పట్టుకుని బయటికి తెచ్చి, నేను సిరిసిల్ల దిక్కుదాన్నే బిడ్డా, అన్నాను.

నా మొహంలోకి చూసింది.

"ఎప్పటి సంది?"

"ఏంది, ఎప్పటి సంది?"

"తెలుగు. ఎప్పటి సంది వచ్చు నీకు?"

"పుట్టినప్పటి సంది బిడ్డా."

నవ్వింది. సర్వపిండి చూసి కూడా ఎరుక పట్టలేదా అని అడిగింది. మరాఠోల్లది అనుకున్నానన్నాను. నేను నిన్ను యూపీదానివి అనుకున్న, హిందీల గంత మంచిగ తిడ్తవు అంది. ఇద్దరం నవ్వుతుంటే ఆ పిల్ల కళ్లు నిండాయి. అప్పుడు ఫాదర్ మాట చెప్పాను.

"జూన్ల ఏం మారుతది? ఇంగ్లీషు మారుతదా?"

"నేనుంట గదా."

"అప్పుడు గుడ ఉన్నవు."

కొంగు ముడి విప్పి చీటీలు చూపించాను. మొహం మారిపోయింది. నీకు రాయలేదు గదా అంది. నా చేతిలోంచి తీసుకుని, తెగిన నూలు పోసిన గోనెలో కుక్కింది. లోపల్నుంచి షెడ్డు యజమాని షేట్ పిలిచాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "ఆంటీ, సైడ్ సే జానా. తేల్ గిరా హై," అంది. నేల మీద నిజంగానే నూనె ఒలికి ఉంది. ఆమె చెప్పినట్టే పక్కకు జరిగి నడిచాను.

జూన్ వచ్చింది, పోయింది. ఆ పిల్ల రాలేదు. పెట్టె మీది కాగితంలో తెలుగు వరుస నేనే గీకేశాను. రెండో అంతస్తు మెట్ల మీద ఇప్పుడు వేరే పిల్లలు కూర్చుంటున్నారు. బిడ్డా, జర కాళ్లు తియ్యి, అని తెలుగులోనే అంటాను. ఒక్కరికీ అర్థం కాదు. నా చేతిలో కర్ర చూసి కాళ్లు తీస్తారు.