చంకలు చిరిగిన కోటు

బస్సులో నలభై రెండు సీట్లు. నలభై రెండు తలలూ లెక్కకు వస్తే గాని బండి కదలదు. ఇది కంపెనీ పెట్టిన నియమం కాదు, మైకు మాస్టారు పెట్టుకున్నది. ప్రతి మజిలీలోనూ అతను ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా చూపుడువేలితో గాలిని పొడుచుకుంటూ వెళ్తాడు, వెనక్కి వస్తూ మరోసారి పొడుస్తాడు. రెండు లెక్కలూ కలిస్తేనే డ్రైవరుతో "పోనీ బాబాయ్" అంటాడు. డ్రైవరును లోకమంతా హారన్ బాబాయి అంటుంది. ఆ పేరెలా వచ్చిందో ఆ రోడ్డు మీద ఒక్కసారి నడిచినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మరుగుదొడ్డిలో గడియ పడిపోయి ఇరుక్కున్న రిటైర్డు జడ్జిగారి కోసం ఒకసారి బస్సు గంటంబావు ఆగింది. ఇరవై ఆరేళ్లలో ఒక్క ప్రయాణికుణ్ణి కూడా వదిలేసి రాలేదని కంపెనీవాళ్లు కరపత్రంలో అచ్చు వేయించుకున్నారు.

మాస్టారు ఎన్నడూ ఎవరికీ పాఠం చెప్పలేదు. మైకుతో పాటు ఆ బిరుదూ వచ్చింది, రెండూ మెడలో వేలాడుతున్నాయి. జేబు మీది బిళ్లలో కూడా అదే పేరు. అసలు పేరు అడిగినవాళ్లు లేరు, అడిగినా చెప్పేవాడు కాదు.

యాత్ర ఒక్క రోజు. పొద్దున, యుద్ధంలో పేల్చేసిన వంతెన, తర్వాత తూట్లు పడిన ఆసుపత్రి గోడ, భోజనం, గుట్ట మీద కందకం, మ్యూజియం, చివరికి పేర్ల గోడ. అసలు కందకం వానలకు పూడిపోతే పదేళ్ల కిందట పర్యాటకుల కోసం సిమెంటు మెట్లతో, పట్టుకోవడానికి ఇనపకమ్మీతో మళ్లీ తవ్వించారు. అప్పుడే ఈ సౌకర్యం ఉంటే ఇంకో నెల నిలబడేవాళ్లమని మాస్టారు మైకులో అంటాడు. జనం నవ్వుతారు. గుట్ట కింద దుకాణంలో యుద్ధం నాటి తూటాలు అమ్ముతారు. దుకాణం వెనక రేకుల షెడ్డులో వాటిని వారానికి రెండుసార్లు తయారుచేస్తారు. ఆ యుద్ధంలో పేలిన తూటాలకంటే అక్కడ అమ్ముడైనవే ఎక్కువ.

పేర్ల గోడ నల్లరాతిది. దాని మీద నూట పన్నెండు పేర్లు. వాటిలో ఎనభై నాలుగోది మైకు మాస్టారిది. ఈ సంగతి మాత్రం మైకులో ఎన్నడూ చెప్పలేదు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట అతను ఆ గుట్ట మీదే సిపాయి. మనిషి పొట్టి. పటాలమంతా పొట్టోడు అనేవారు. పక్క పడక స్నేహితుణ్ణి తాటిచెట్టు అనేవారు. ఒక మధ్యాహ్నం ఎడతెగని వానలో టెలిఫోను వైరు తెగింది. దిగువకు వెళ్లి చూసి రావలసిన వంతు పొట్టోడిది. అతనికేమో దవడ పన్ను వాచి బుగ్గ బూరెలా పొంగింది, కన్ను తెరుచుకోవడం లేదు. తాటిచెట్టు లేచాడు. తన కోటు కారే కప్పు కింద తడిసి ముద్దయితే స్నేహితుడి కోటు లాక్కుని తొడుక్కున్నాడు. కోటు మెడపట్టీ లోపల గుడ్డముక్క మీద పొట్టోడి పేరు కుట్టి ఉంది.

తాటిచెట్టు తిరిగి రాలేదు. సాయంత్రానికి గుట్ట శత్రువుల వశమైంది, పొట్టోడు ఖైదీ అయ్యాడు. అతని పన్ను శత్రువుల డాక్టరు ఉచితంగా పీకాడు. ఆ యుద్ధం వల్ల అతనికి ఒనగూడిన లాభం అదొక్కటే.

పధ్నాలుగు నెలల తర్వాత విడుదలై వస్తే, తన పేరు అప్పటికే రాతికెక్కి ఉంది. స్మారక శాఖ గుమాస్తా ఫైలు తిప్పి చూసి, నిట్టూర్చి, న్యాయంగానే మాట్లాడాడు. "శవాలు నూట పన్నెండు, పేర్లు నూట పన్నెండు. లెక్క సరిపోయింది. నువ్వు బతికున్నావని రాయి పగలగొట్టమంటావా? ఉండనీవయ్యా, ఎప్పటికైనా పనికొస్తుంది."

ఆ విధంగా అతను జీతాల శాఖలో బతికాడు, స్మారక శాఖలో చచ్చాడు. రెండు శాఖలూ అతనితో మర్యాదగానే ఉన్నాయి.

మధ్యలో ఒక విచారణాధికారి మాత్రం కోటు ఎలా పోయిందని అడిగాడు. వంతు తప్పించుకుని ఇంకొకణ్ణి పంపానంటే కోర్టు మార్షల్. ఆరేసిన కోటు ఎవరో పట్టుకుపోయారు, ఎవరో తెలియదు అన్నాడు పొట్టోడు. ఆ ఒక్క మాటతో కోటులోని శవానికి సొంత పేరు లేకుండా పోయింది, తాటిచెట్టు పేరుకు శవం లేకుండా పోయింది. రెండూ వేరు వేరు ఫైళ్లు, వేరు వేరు గదులు, ఆ గదుల మధ్య గోడకు తలుపు లేదు. తాటిచెట్టు ఫైలులో "విధి నుంచి పారిపోయినవాడు" అని రాసి ముడివేశారు. రెండేళ్లకు అతని భార్య, ఆ రోజు మా ఆయన్ను చూశారా అని ఉత్తరం రాసింది. చూడలేదని పొట్టోడు జవాబు రాశాడు. దస్తూరి గుండ్రంగా, ముత్యాల్లా వచ్చింది. వణకలేదు.

ఆ కోటు ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. వీపు మీద ఒక తూటు, రెండు చంకల దగ్గరా చిరుగులు. పక్కన అట్ట మీద అమరుడి పేరు. ఒకసారి బడిపిల్లలతో వచ్చిన టీచరమ్మ చంకలు ఎందుకు చిరిగాయని అడిగితే, చివరి క్షణం దాకా రెండు చేతులూ ఎత్తి గ్రెనేడ్లు విసిరాడమ్మా అన్నాడు మాస్టారు. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. అప్పటి నుంచి అదే కథ. తన చావుకు తానే జనం చేత కన్నీళ్లు పెట్టించి, తర్వాత టీకి పావుగంట టైము ఇచ్చే భాగ్యం లోకంలో ఎందరికి దక్కుతుంది?

ఒక రోజు ఇరవై ఏడో సీటులో ఒంటరిగా వచ్చినావిడ కందకం దాకా నోరు విప్పలేదు. అక్కడ ఇనపకమ్మీ పట్టుకుని నిలబడి అడిగింది.

"ఇక్కణ్ణుంచి పారిపోవాలంటే ఎటు పోవాలి మాస్టారూ?"

ఇలాంటి ప్రశ్నలకు అతని దగ్గర తయారు జవాబుంది. "ఎటు పోయినా టీ కొట్టు దగ్గరే తేలతారమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా కాస్త నవ్వింది.

"మా ఆయన ఈ గుట్ట మీంచే పారిపోయాడన్నారు. బడిపిల్లల బట్టలు కుట్టుకుంటూ ఇన్నాళ్లూ రాలేకపోయాను. మోకాళ్లు పనిచేస్తుండగానే, పారిపోయిన చోటైనా చూద్దామని."

నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ పక్కన నిలబడ్డ బ్యాంకు మేనేజరుగారు, రిటైరైనా హోదా మరవనివాడు, తన సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని ఒక మెట్టు పైకెక్కాడు. మాస్టారు మైకు బాగా లేదని చెప్పి జనాన్ని కిందికి దింపాడు.

మ్యూజియంలో కోటు దగ్గర ఆగకుండా పోదామనుకున్నాడు. కరపత్రంలో కోటు బొమ్మ ఉండడం చేత అది కుదరలేదు. కోటేదీ అని మేనేజరుగారే అడిగాడు. మాస్టారు గ్రెనేడ్ల కథ గబగబా అప్పజెప్పి అందరినీ తరువాతి గదిలోకి తోలాడు. ఆవిడ కదల్లేదు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది.

"చేతులెత్తితే చిరిగిన చిరుగు కాదిది" అంది నెమ్మదిగా. "విసురుకి చిరిగితే గుడ్డ పోతుంది. ఇక్కడ గుడ్డ బాగానే ఉంది, రెండు వైపులా కుట్టు విడిపోయింది. పొట్టి మనిషి కోటు పొడుగు మనిషి తొడుక్కున్నాడు."

మాస్టారు బస్సు టైము గురించి ఏదో గొణిగాడు. ఆవిడ అట్ట మీది పేరు చదివింది. మరోసారి చదివింది.

"ఈయన నాకు ఉత్తరం రాశాడు. యుద్ధం అయిపోయిన రెండేళ్లకి. మీ ఆయన్ని నేను చూడలేదని. చచ్చిపోయినవాళ్లు ఉత్తరాలు కూడా రాస్తారా మాస్టారూ?"

ఆవిడ అతని వైపు తిరిగి, ఒక భుజం నుంచి రెండో భుజానికి, భుజం నుంచి మణికట్టుకు చూపు జరిపింది. టేపు అక్కర్లేని కళ్లు అవి.

"మీకైతే సరిగ్గా సరిపోతుంది" అంది.

బస్సులో ఆ మధ్యాహ్నం తలలు లెక్కపెట్టడానికి అతనికి నాలుగుసార్లు పట్టింది.

పేర్ల గోడ దగ్గర రెండు నిమిషాల మౌనం అయింది. ఆ తర్వాత మామూలుగా మాస్టారు త్యాగం మీద నాలుగు ముక్కలు చెప్పి, మరుగుదొడ్లు ఎడమ చేతి వైపని ముగిస్తాడు. ఆ రోజు ఎనభై నాలుగో పేరు మీద వేలు పెట్టి, ఇది నాది అన్నాడు. పన్ను, వాన, కోటు, విచారణ, ఉత్తరం, అన్నీ వరసగా చెప్పాడు. పారిపోయినవాడెవడూ లేడు, నా బదులు వెళ్లి చచ్చిపోయాడు, పారిపోయింది నేను, ఇదిగో ఈ మైకులోకి పారిపోయాను అన్నాడు. నడుముకు కట్టుకున్న స్పీకరులోంచి ఆ మాటలు, రోజూ వంతెన ఎత్తు చెప్పే గొంతుతోనే బయటికి వచ్చాయి.

తర్వాత బ్యాంకు మేనేజరుగారు చప్పట్లు మొదలుపెట్టాడు. నలభై మంది అందుకున్నారు. ఒకావిడ వెక్కివెక్కి ఏడ్చింది. ఇంకొకాయన ఫోను పట్టుకుని దగ్గరికొచ్చి, మొదలు రికార్డు కాలేదు, పన్ను దగ్గర్నుంచి ఇంకొక్కసారి చెబుతారా అని బతిమాలాడు. ఇన్ని యాత్రలు చూశాంగానీ ఇంత బాగా కట్టిన కథ వినలేదని అందరూ ఒప్పుకున్నారు.

చప్పట్లు కొట్టనిది ఆవిడొక్కతే. జనం సద్దుమణిగాక దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది.

"వెళ్లేటప్పుడు ఏమన్నా అన్నాడా?"

"చంకలు పట్టేస్తున్నాయిరా పొట్టోడా అన్నాడు. మా ఆవిడుంటే రెండు కుట్లు విప్పి ఇచ్చేది అన్నాడు."

ఆవిడ చాలాసేపు తన చేతివేళ్లు చూసుకుంది. తర్వాత, "ఇదంతా రాసివ్వండి" అంది.

రాసిచ్చాడు. మర్నాడు స్టాంపు కాగితం కొని, ముత్యాల్లాంటి దస్తూరితో మూడు పేజీలు రాసి, ఏళ్ల తరబడి వాడని అసలు పేరుతో సంతకం చేశాడు. అది పట్టుకుని ఆవిడ స్మారక శాఖకు అర్జీ పెట్టింది. ఆవిడ కోరింది రెండే: పారిపోయాడన్న మాట కొట్టేయాలి, ఆ గోడ మీద ఆయన పేరు చెక్కాలి.

ఈలోగా కంపెనీ యజమాని మాస్టారిని పిలిపించాడు. ఉద్యోగం ఊడిందనుకుని మైకు తీసి బల్ల మీద పెట్టాడు మాస్టారు. యజమాని లేచి వచ్చి ఆ మైకును తన చేత్తో అతని మెడలో వేశాడు. కొత్త కరపత్రం చూపించాడు: "అమరవీరుడే స్వయంగా వివరించే ఏకైక యాత్ర."

"నేను మానేస్తాను సార్" అన్నాడు మాస్టారు.

"మానేస్తే ఆ తల్లికి న్యాయం ఎలా జరుగుతుందండీ? పదిమందికీ చెబుతుంటేనేగా పైవాళ్ల చెవిన పడేది" అన్నాడు యజమాని. మాస్టారికి ఆ మాట నిజమే అనిపించింది. మొదటి నుంచీ అతని తీరు అంతే. సౌకర్యంగా ఉన్న మాట నిజమే అనిపిస్తుంది.

వారానికి నాలుగు యాత్రలు. నాలుగు ఒప్పుకోళ్లు. మొదటి వారం పన్ను దగ్గర నిజంగా గొంతు పూడుకుపోయింది. రెండో నెలకు ఎక్కడ పూడుకుపోవాలో గొంతుకే తెలిసిపోయింది. హారన్ బాబాయి సీటులోంచే చప్పట్లు విని ఇంజను వేడి చేసుకునేవాడు.

నాలుగో నెలలో ఇరవై ఏడో సీటులో మళ్లీ ఆవిడ కనబడింది. దారిలో పలకరించలేదు. పేర్ల గోడ దగ్గర అతను చెప్పింది మొదటి నుంచి చివరి దాకా విన్నది, చప్పట్లు అయ్యేదాకా ఆగింది, చేతిసంచీలోంచి ఒక కవరు తీసి ఇచ్చింది. స్మారక శాఖ ముద్ర.

"సదరు వాంగ్మూలముపై సంతకము చేసిన వ్యక్తి, ఈ శాఖ రికార్డుల ప్రకారము, గుట్ట యుద్ధమునందు వీరమరణము పొందియున్నారు. మరణించిన వ్యక్తి తదనంతరము ఇచ్చిన వాంగ్మూలమును సాక్ష్యముగా స్వీకరించుటకు నిబంధనలు అనుమతించవు. కావున అర్జీ తిరస్కరించడమైనది. ఆ వీరుని త్యాగమునకు ఈ శాఖ సదా ఋణపడియుండును."

అతను రెండుసార్లు చదివాడు. గుమాస్తా మాట గుర్తొచ్చింది. ఉండనీవయ్యా, ఎప్పటికైనా పనికొస్తుంది. పనికొచ్చింది.

"నేనే వెళ్తానమ్మా. బతికున్న మనిషిగా ఎదురుగా నిలబడతాను. జీతాల శాఖ నుంచి కాగితం తెస్తాను..."

ఆవిడ కవరు వెనక్కి తీసుకుని మడతపెట్టింది. కోపం లేదు. గుడ్డ చాలదని కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు చెప్పే గొంతుతో అంది.

"బతికున్నప్పుడు చెప్పలేదు. చచ్చాక చెబితే ఎవరు వింటారు మాస్టారూ?"

గోడ దగ్గరకు వెళ్లి ఎనభై నాలుగో పేరు మీద ఒకసారి అరచెయ్యి ఆనించింది. అక్షరాల కింద ఉన్నది తన మనిషే కదా, పేరు ఎవరిదైతేనేం. తర్వాత బస్సు వైపు కాక రోడ్డు వైపు నడిచింది. టౌను బస్సు ఆగే చోటు అక్కడికి రెండు మైళ్లు. ఎండగా ఉంది. మాస్టారు పిలుద్దామని మైకు దాకా చెయ్యి తీసుకెళ్లి, దించేశాడు.

బస్సులో లెక్కపెట్టాడు. నలభై ఒకటి. వెనక్కి వస్తూ లెక్కపెట్టాడు. నలభై ఒకటి.

"సరిపోయిందా?" అని అడిగాడు హారన్ బాబాయి, అద్దంలో చూస్తూ.

మాస్టారు తన సీటులో కూర్చున్నాడు. ముందు అద్దంలోంచి ఆవిడ రోడ్డంచున నడుస్తూ కనబడుతూనే ఉంది.

"పోనీ బాబాయ్" అన్నాడు.

బస్సు ఆవిణ్ణి దాటుకుంటూ వెళ్లినప్పుడు బాబాయి, అలవాటు కొద్దీ, హారన్ కొట్టాడు.