బాంగ్ మాస్టారి వ్యతిరేక ఓటు

మా బాంగ్ మాస్టారికి లోకంలో నచ్చిన మాట ఒక్కటే: వద్దు. లిఫ్టు వద్దు, కిటికీలకు తెరలు వద్దు, మెట్ల దగ్గర కాఫీ మిషను వద్దు. విచిత్రమేమిటంటే, డేజాన్‌లోని మా విశ్వవిద్యాలయం జీవశాస్త్ర శాఖలో ఇవన్నీ ఉన్నాయి. ఆయన వద్దన్నదల్లా నెల తిరక్కుండా వచ్చేది.

దానికి కారణం శాఖాధిపతి ప్యో గారు. ఇద్దరూ ఒకే గురువు శిష్యులు. ఆ గురువు ఖాళీ చేసిన ప్రొఫెసర్ కుర్చీ బాంగ్ మాస్టారికి దక్కినప్పటి నుంచీ ఈయన ఎడ్డెమంటే ఆయన తెడ్డెం. మిగతా అధ్యాపకుల చేతులు ప్యో గారి చేతి వెంట లేచేవి.

నేను బాంగ్ మాస్టారి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. కానీ నాకు ప్రొఫెసర్ కావాలని లేదు. కున్సాన్ రేవులోని పిల్లల మ్యూజియంలో సముద్రం కథలు చెప్పాలని ఉంది. అలాంటి చోట ఆర్నెల్లు పని నేర్చుకుంటే దాన్నీ చదువు కింద లెక్కగట్టాలని శాఖ ముందుకో ప్రతిపాదన వచ్చింది. అది వీగిపోతే నేను చదువు మానుకోవడమే.

“మాస్టారూ, మీరొక్క మాట...”

“వద్దు!”

“ఇంకా చెప్పనేలేదండీ.”

“చెప్పాకా అదే.”

సమావేశం రోజు నేను బార్లీ టీ పోస్తున్నాను. మాస్టారు బల్ల చరిచి లేచారు. “పీహెచ్‌డీ చేసి పీతల కథలు చెప్తారా? రేపొకడు సోయా సాసు కార్ఖానాకు పోతానంటాడు! ఇక్కడ ప్రొఫెసర్లే తయారవ్వాలి!”

నేను పోస్తున్న టీ కప్పు దాటి బల్ల మీదికి పారింది.

“లోకం మారింది, బాంగ్ గారూ,” అని ప్యో గారు తియ్యగా నవ్వి చెయ్యెత్తారు. వానకు వెదురు మొలకల్లా చేతులన్నీ లేచాయి.

బయట గింకో చెట్ల ఆకులు పసుప్పచ్చగా రాలుతున్నాయి. మాస్టారు కాల్చిన చిలగడదుంప విరిచి సగం నాకిచ్చారు.

“ఓడిపోయారు, పాపం,” అన్నాను ఎత్తిపొడుపుగా.

“జేమన్ అని నా శిష్యుడొకడు ఉండేవాడమ్మా. బేకరీ పెట్టుకుంటానన్నాడు. వాడి కోసం ఇలాంటి ప్రతిపాదనే తెచ్చి నిండు మనసుతో మాట్లాడాను.”

“ఏమైంది?”

“ఇంకేమవుతుంది? ప్యో వద్దన్నాడు. జేమన్ చదువు సగంలో వదిలి వెళ్ళిపోయాడు. ఇప్పుడెక్కడున్నాడో తెలీదు. ఆ రోజు వాణ్ణి నాలుగు తిట్టి ఉంటే గట్టెక్కేవాడు.”

తన సగం కొరికి చూశారు. దుంప చల్లారిపోయింది. తర్వాత మెల్లగా నా వైపు వంగారు.

“వచ్చే నెల బాలింతలైన విద్యార్థినులకు పీహెచ్‌డీ గడువు పెంచే విషయం వస్తోంది. దుర్మార్గంగా మాట్లాడాలి. నాకు అంత దుర్మార్గం సొంతంగా తట్టడం లేదు. ఓ మాట చెప్పమ్మా.”

ఆలోచించి, చెవిలో ఒకటి చెప్పాను.

“ఛీ! ఎంత ఘోరం!” మాస్టారి ముఖం వెలిగిపోయింది. “ఇది ఏకగ్రీవమే!”