దుప్పులకు అమ్మిన చీరలు

చెడ్డ బేరం చేయడంలో మా వరంగల్ బజారులో నన్ను మించినవాడు లేడు. ఊరికే గొప్పలు పోతున్నానని అనుకోవద్దు. నిజాం రాజ్యపు చివరి ఏళ్లలో, ఇంకా మీసం కుదురుకోని వయసులో, ఏ దుకాణదారూ ముట్టని చీరలను ఒక బండెడు కొన్నాను. అదీ సగం ధరకు దించి మరీ కొన్నాను. అవతలివాడు అంత సులువుగా ఎందుకు దిగాడో ఆలోచించే తీరిక అప్పుడు నాకు లేకపోయింది.

అవి ముతక నూలు చీరలు, మంచి ఎరుపు. ఆ ఎరుపు నీళ్లు తగలనంతసేపే. ఒక్కసారి ముంచితే బిందె నిండా రంగే. లోపం కనపడకుండా నేతగాడు గంజి దట్టంగా పట్టించాడు. మడత విప్పితే చీర పలకలా నిలబడేది. కొన్న మొదటి ఆమె మూడో రోజున భర్త ధోవతి పట్టుకొని వచ్చింది. తెల్లటి ధోవతి పెళ్లికూతురి చీరలా ఎర్రబడింది. డబ్బు తిరిగి ఇచ్చి, మా నాయిన ఆ మూటలను వెనక గదిలో వేయించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ మాత్రం నన్ను చూపించి, చీరలు కొన్నది వీడేనని పరిచయం చేసేవాడు.

పాకాల చెరువు ఒడ్డునున్న ఒక గూడెం నుంచి మా ఇంటికి నెయ్యి తెచ్చే ముసలామె ఉండేది. మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. తొలకరి రోజుల్లో ఒకసారి ఆమె ఖాళీ చేతులతో వచ్చి అరుగు మీద కూలబడింది. ఆ చెరువు చుట్టూ ఉన్నది సర్కారు వేట అడవి. ఒడ్డంతా బోడిగా అయిపోయిందనీ, వెదురు, మద్ది, తునికి మొలకలు పైకి రాకపోవడానికి గూడెం పశువులే కారణమనీ అడవులు చూసే జంగ్లాత్ అధికారి తేల్చేశాడట. ఒక నేల చెక్క కొలిచి ఇచ్చి, దానికి కంచె కట్టుకోమన్నాడట. వానలు వెళ్లేలోగా అందులో పచ్చదనం కనపడకపోతే ఒక్క పశువును కూడా ఒడ్డు మీదికి రానివ్వనన్నాడు. ఆమె బతుకంతా ఆ బర్రెల మీదే.

“మొలకలు కొరికేది దుప్పులు కొడుకా,” అంది పెద్దమ్మ. “గాటిని కొట్టొద్దు, అదిలియ్యొద్దు, సర్కారువి. పులులనేమో దొరలు కొట్టి ఫోటోలు దిగిరి. ఇగ దుప్పులు పెరగక ఏం జేస్తయి? ముండ్లకంప ఏస్తే మీదికెల్లి దుంకుతానయి.”

తమవైపు చేలకు పాత చీరలు చుట్టూ కడతారట. అవతల ఏముందో కనపడకపోతే దుప్పి దూకదట. పాతవేమైనా ఉన్నాయా అని అడిగింది. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పాతవెందుకు, కొత్తవే ఇస్తానన్నాను. ఆమె ఒక చీర అంచు నలిపి చూసి, కట్టుకుంటే పరువు తీసే చీరలని వెంటనే పసిగట్టింది. చివరికి బేరం నెయ్యికి తెగింది, అదీ కంచె నిలిస్తేనే. నిలవకపోవడానికి ఏముందని నేను దర్జాగా ఒప్పుకున్నాను.

చీరలను బండికెత్తి నేనే వెళ్లాను. గుంజలు పాతి, ఆ చెక్క చుట్టూ నిలువెత్తున కట్టించాం. అడవిలో పెళ్లిపందిరి వేసినట్టుంది. పెళ్లికూతురు ఎప్పుడొస్తుందని గూడెం ఆడవాళ్లు నన్ను ఆటపట్టించారు. ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. ఒక్క జల్లు పడినా నా బతుకు బాగుపడేదని అప్పుడు నాకు తెలియదు.

అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిసి మళ్లీ వెళ్లాను. తెల్లవారుతుండగా అధికారి, పెద్దమ్మ, నేను ముగ్గురం ఒడ్డు దగ్గరికి నడిచాం. దూరం నుంచే ఏదో తేడా కనిపించింది. నా పందిరి కదులుతోంది. చుక్కల దుప్పుల మంద ఒకటి వరుసగా నిలబడి చీరలు నములుతోంది. ఒకదాని నోట్లోంచి పమిట చెంగు వేలాడుతోంది. కంతలు పడినచోట నాలుగైదు లోపలికి దూరి, అప్పుడే తలెత్తిన మొలకలను కొరుకుతున్నాయి.

పెద్దమ్మ మెల్లగా నావైపు తిరిగింది. “గంజి ఉతకకనే కడితివా కొడుకా?”

గంజి అంటే అన్నమే. ఈ సంగతి వరంగల్‌లో గుడ్డల మధ్య పుట్టి పెరిగిన నాకు తట్టలేదు, దుప్పులకు తట్టింది. నెయ్యి పోతే పోయింది, ఈమె బర్రెల గతేమిటని అధికారి మొహంలోకి చూశాను.

అధికారి కంచె దాకా నడిచాడు. చిరుగులు చూశాడు, నేల మీది గిట్టల గుర్తులు చూశాడు. తర్వాత పశువులు ఎక్కడున్నాయని అడిగాడు.

“కొట్టంలనే ఉన్నయి సాబ్. అగో, తడిక ఇంక తియ్యలె.”

ఆయన అటు చూశాడు, మళ్లీ చీర నములుతున్న దుప్పిని చూశాడు. “పశువులను ఆపను పో,” అన్నాడు. “కంచె మాత్రం సక్కగ కట్టుండ్రి.”

పెద్దమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నేనూ కూర్చున్నాను.

ఆ రోజంతా చీరలు విప్పి చెరువులో ఉతికాం. రంగు పోకూడదని అంతకుముందు ఎంత మొక్కుకున్నానో, గంజితో పాటు పోతే పోనీయమని ఆ రోజు అంత మొక్కుకున్నాను. రెండూ పోయాయి. వెలిసిన మెత్తటి చీరలు గాలికి రెపరెపలాడితే దుప్పులు దగ్గరిదాకా వచ్చి, బెదిరి వెనక్కి మళ్లాయి. ఆలస్యంగానైనా వానలు పడ్డాయి. అవి వెళ్లేసరికి ఆ చెక్కలో వెదురు నా నడుము దాకా లేచింది. మద్ది, తునికి మొలకలు ఆకులు వేశాయి. ఏటా ఒక కొత్త చెక్కకు కంచె జరపాలనీ, వేటకొచ్చే పెద్దలను దుప్పుల మందలు ఎక్కువగా ఉన్న ఈ వైపుకే తీసుకురావాలనీ అధికారి ఏర్పాటు చేశాడు. మిగతా ఒడ్డు పశువులకు వదిలేశాడు. కొన్నేళ్లకు అటు వెళ్లి చూస్తే ఆ మందలు పలచబడ్డాయి, చెట్ల నీడ చిక్కబడింది.

నెయ్యి దగ్గర పెద్దమ్మ తన న్యాయం తాను చెప్పింది. మొదటి కంచెను దుప్పులు తిన్నాయి, రెండోది నిలిచింది; కాబట్టి సగం. నా జీవితంలో బేరమాడకుండా తలూపింది ఆ ఒక్కసారే.

ఇక లెక్క. చీరలకు నిజాం సర్కారు హాలీ రూపాయలు అరవై, రెండుసార్ల బండి కిరాయి నాలుగు. వచ్చిన నెయ్యి, మా నాయిన వేలితో నాకి కట్టిన ధర ప్రకారం, నలభై. నాకు నష్టం ఇరవై నాలుగు రూపాయలు. పెద్దమ్మ బర్రెలు పదకొండు, ఒక్కటీ తగ్గలేదు.