పసుపు పూసిన తూటాలు

మా బాపు లింగన్నకు భయం ఎక్కువ. ఇరవై ఏడేళ్లు పోలీసు ఆయుధాల గదిలో తుపాకులు విప్పి, తుడిచి, బిగించిన మనిషి, ఇంట్లో కుక్కర్ కూత వేస్తే పక్క గదిలోకి పోతాడు. రిటైరయ్యాక ఆర్మూర్‌లో పసుపు యార్డు గేటు ఎదురుగా, చేలకు మందు కొట్టే పంపులు బాగుచేసే దుకాణం పెట్టాడు. బాగైన పంపును కూడా మూడుసార్లు కొట్టి చూసుకుంటే గాని రైతు చేతికివ్వడు. "గీ లింగన్న పోలీసెట్లయిండో" అని బజారంతా నవ్వుతుంది. నేనూ నవ్వేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు నామోషీగా ఉండేది.

మా మేనత్త భాగ్యవ్వ భర్త గంగాకిషన్ మామ దీనికి పూర్తిగా ఎదురు. పసుపు వ్యాపారి, లైసెన్సు పిస్తోలు ఉన్నవాడు, మీసం మీద నిమ్మకాయ నిలబెట్టే రకం. దసరానాడు జమ్మి పూజ అయ్యాక గాల్లోకి ఒక తూటా పేల్చడం వాళ్ల తాత కాలం నుంచీ ఆ ఇంటి ఆనవాయితీ. చట్టం ఒప్పదని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. లైసెన్సు మీద ఇచ్చే తూటాలు కొద్ది, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాలి. వాటిని ఆకాశానికి తగలేయడం ఎందుకని మామ ఈసారి తెలివి చూపించాడు. హైదరాబాద్‌లో షూటింగ్ నేర్పే చోట కింద పడ్డ ఖాళీ ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, ఫోన్‌లో వీడియోలు చూసి, ఇంట్లోనే మందు నింపి తూటాలు చేశాడు.

ఆ సంగతి మాకు తెలియదు. పోయిన దసరా సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని వాళ్లింటికి పోయాం. వాకిట్లో ముప్పై మంది దాకా ఉన్నారు. పీట మీద పిస్తోలు, కొడవళ్లు, పసుపు తూచే కాంటా, పక్కనే పళ్లెంలో ఎనిమిది తూటాలు. వాళ్ల చేనులో పండిన పసుపే తడిపి అన్నింటికీ పట్టించి, అడుగున కుంకుమ బొట్లు పెట్టారు. బాపు ఆ పళ్లెం మీదికి వంగి అలాగే ఆగిపోయాడు.

"బావా, గివెక్కడివి?"

"నేనే చేసిన బామ్మర్దీ! అన్నిట్ల మందు కొలిచి పోసిన. రవ్వంత ఫరక్ లేదు."

"నేననేది గొట్టాల సంగతి బావా. గివన్ని ఒక్క కంపెనీయి గావు. పసుపు అంటని కాడ రంగే చెప్తుంది."

"సైజు ఒక్కటే గద. ఇత్తడి ఇత్తడే!"

బాపు పళ్లెం మీంచి తల ఎత్తాడు. "జర ఇను. హోటల్ల చాయ్ గ్లాసులు సూడు. పైకి అన్నీ ఒక్కతీరే. కొన్నిటికి అడుగు దొడ్డుగ, మందంగ ఉంటది, దాంట్ల చాయ్ తక్కువ పడ్తది. గొట్టాలు గూడ గంతే. దొడ్డు గొట్టంల జాగ తక్కువ. దాంట్ల గూడ గంతే మందు పోస్తె ఇరుకై, పిస్తోలే పగుల్తది."

"చాయ్ పొంగితె తుడుసుకుందాం తియ్యి" అన్నాడు మామ. వాకిలంతా నవ్వింది.

"ఏది ఏ కంపెనీదో అడుగున అచ్చుంటది. తుడిచి సూస్త, ఒక్క నిమిషం" అంటూ బాపు భుజం మీది టవల్ తీశాడు.

"చెయ్యి పెట్టకురా!" అని అరిచింది అత్త. పూజలో పెట్టిన వస్తువు మీది పసుపు మర్నాటి దాకా తుడవకూడదు. తుడిస్తే ఆ ఏడంతా ఇంటికి అరిష్టమని ఆమె నమ్మకం. చూడాల్సిన అచ్చేమో ఆ పసుపు కిందే ఉంది. మామ ఎనిమిదింటినీ పసుపుతో సహా మ్యాగజీన్‌లోకి నొక్కి, పిస్తోలుకు బిగించాడు. అత్త హారతి పళ్లెం పట్టుకుని ఆయన కుడి భుజానికి జానెడు దూరంలో నిలబడింది.

"అక్కా, జర ఇవతలికి రా."

"పండుగ పూట గా మాటలేందిరా" అంది అత్త. కదలలేదు.

మొదట నాకు బాపు మీదే కోపం వచ్చింది. అంత మందిలో మళ్లీ పిరికితనం బయటపెట్టుకున్నాడని. తర్వాత ఆయన కళ్లు చూశాను. కుక్కర్ కూతకు పడే భయం కాదది. జరగబోయేది ముందే చూసేసిన మనిషి కళ్లవి. అత్తను లాగేద్దామనుకున్నాను గానీ అడుగు పడలేదు.

మామ పిస్తోలు ఎత్తబోతుండగా బాపు ముందుకు పోయి, జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కడానికి వంగాడు. దసరానాడు కాళ్లకు మొక్కినవాణ్ని లేపి, గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకోవాలి. ఎంత మొనగాడైనా దానికి ఆగాల్సిందే. మామ ఆగాడు. బాపు లేవలేదు. ఆయన రెండు కాళ్లనూ కావలించుకుని నేల మీద కూలబడ్డాడు.

"లే బామ్మర్దీ."

"లేవ. పిస్తోలు ఇయ్యి, లేస్త."

"ఇజ్జత్ తియ్యకు. మంది సూస్తున్నరు."

"సూడనీ. నీ చెయ్యి పోతది బావా. మా అక్క మొకం పోతది. నాకు భయమైతుంది. ఇడువ."

నవ్వులు కాసేపు సాగి, ఆగిపోయాయి. మామ కోపంతో కాలు విదిలించాడు. బాపు నుదురు బండకు తగిలింది. అయినా వదల్లేదు. అత్త వంగి తమ్ముడి ముఖం చూసింది. హారతి పళ్లెం కింద పెట్టేసింది.

"ఇచ్చెయ్యుండ్రి. నా తమ్ముడు ఏడుస్తున్నడు."

మామ పిస్తోలు బాపు చేతిలో పడేసి, "పిరికోడా" అన్నాడు. బాపు అక్కడే నేల మీద కూర్చుని తూటాలన్నీ బయటికి తీశాడు. చాయ్ కప్పు కూడా తొణక్కుండా పట్టుకోలేని ఆ చేతులు ఒక్కసారి కూడా వణకలేదు. ఒక్కొక్కటే టవల్‌తో తుడుస్తుంటే అత్త ముఖం తిప్పుకుంది. ఐదింటి అచ్చు ఒక రకం, రెండింటిది ఇంకో రకం. మిగిలిన ఒక్కదాన్ని ఆయన మామ అరచేతిలో పెట్టాడు.

"గీ అచ్చుది దొడ్డు గొట్టం. నాకు తెల్సు. రేపు పొద్దుగాల అన్నీ స్టేషన్ల అప్పజెప్పు బావా."

మామ దాన్ని చూస్తూ ఉండిపోయాడు. నవ్వబోయి మానుకున్నాడు. ఆ దసరాకు ఆ ఇంట తూటా పేలలేదు.

ఇంటికి నడుస్తుంటే నా భయం దిగి, మళ్లీ కోపం వచ్చింది. "మాటల్తోని చెప్తే సరిపోతుండె గద బాపూ. గట్ల కాళ్ల మీద పడాల్నా?"

బాపు మా దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. నుదుటి మీద బొప్పి కట్టింది. "సిరికొండ గంగాదాస్ కాక తెల్సు గద నీకు?" అన్నాడు. తెలుసు. బాపుతో పనిచేసిన కానిస్టేబుల్. శిక్షణలో తూటా పగిలి కుడి కన్ను పోయింది.

"గా తూటా ఇచ్చింది నేనే బిడ్డా. గొట్టం మీద సన్నగ చీలినట్టు పర్రె కనవడ్డది. సార్ జల్ది జల్ది అంటున్నడు. ఆపితె తిడ్తడని భయపడి, ఏం గాదులే అని ఇచ్చిన. పదారేండ్లాయె. వాడు నసీబ్ అనుకుంటున్నడు. నేను చెప్పలే."

నేను పక్కన కూర్చున్నాను. బాపు జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు రెండుసార్లు తప్పుగా నొక్కి, మూడోసారి కలిపాడు.

"గంగాదాసూ, నీ కన్ను పోయింది నా వల్లనే" అన్నాడు.

పర్రె సంగతి మొదటి నుంచీ చెప్పి, జవాబు కోసం ఆగాడు. బాపు ఫోన్ పెట్టేయలేదు.