ముందు గుంజ దగ్గర నిలబడ్డ మనిషి

పాళెంలో ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను పుస్తకం తీసుకుని అవతలికి వెళ్లిపోయేదాన్ని. భయపడి కాదు, విసుగు పుట్టి. సముద్రంలో పోయినవాళ్లు ఒడ్డుకు వచ్చి పేరు పెట్టి పిలుస్తారని మా అవ్వ చెప్పేది. ఒక్క మాటా నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నావా అని అడిగితే అదీ చెప్పలేను. జరిగింది మాత్రం ఏమీ కలపకుండా రాస్తాను. ఇందులో నా తప్పు ఉంది. దాన్ని తీసేసి రాస్తే రాయడమే దండగ.

మాది జువ్వలదిన్నెకు ఉత్తరాన చేపలు పట్టేవాళ్ల చిన్న పాళెం. మా నాయన, అన్న శీనయ్య, మాకు మామ వరసయ్యే చెంగయ్య, ముగ్గురికీ కలిపి ఒకే తెప్ప. తెప్ప అంటే నాలుగు దుంగలను కొబ్బరితాడుతో బిగించి కట్టినది. వేట నుంచి రాగానే తాడు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెడతారు. మళ్లీ పోయేటప్పుడు కొత్తగా కడతారు. అందుకే ప్రతిసారీ అన్నీ మొదటి నుంచి చూసుకోవాలి.

ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఎనిమిదో తరగతి దాకా చదివాను. తెప్ప కదలక ముందు చూసుకోవలసినవన్నీ నాయన చెబుతుంటే ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాను. కట్టుతాడు, అదనంగా ఇంకో తాడు, ఇద్దరు పోయినా తెడ్లు మూడు, మూతికి గుడ్డ బిగించిన నీళ్లకుండ, లంగరు రాయి, గాలి ఎటు నుంచి, తిరిగి రావడం ఏ వేళకు. నేను చదువుతుంటే వాళ్లు ఒక్కొక్కటీ తట్టి చూసి "ఉండాది" అనేవాళ్లు. నేను పక్కన "సరి" అని రాసేదాన్ని. అదే పుస్తకంలో వెనక వైపు నుంచి నా దినచర్య రాసుకునేదాన్ని. అది ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే కింద ఉండేది గుంజలు.

మా ఒడ్డుకు ఎదురుగా నీళ్లలో ఇసుకమెట్ట ఉంది. అల దాని మీదే విరుగుతుంది. మధ్యలో ఒక్కచోట లోతైన సందు ఉంటుంది, తెప్ప అందులోంచే రావాలి. ఆ సందు ఎక్కడుందో సముద్రం మీద ఉన్నవాళ్లకు తెలియడానికి ఒడ్డున రెండు గుంజలు పాతుతారు. ఒకటి వెనక దిబ్బ మీద, ఒకటి ముందు నీళ్ల అంచున. రెండూ ఒకదాని వెనక ఒకటి చేరి ఒకటే గుంజలా కనిపిస్తే అదే దోవ. అల పెద్దదైన రోజుల్లో ఇసుక కదిలి సందు జరిగిపోతుంది. అప్పుడు ముందు గుంజను కూడా జరపాలి.

నాకప్పుడు పదిహేడేళ్లు. ఆ వారమంతా అల ఎక్కువగా ఉంది. ఇది జరగడానికి ముందురోజు సాయంత్రం నాయన, అన్న వెదురు బొంగుతో లోతు చూసి సందు ఇరవై అడుగులు దక్షిణానికి జరిగిందని తేల్చుకున్నారు. అప్పటికి పోటు ఎక్కింది. నీళ్లలో ఉన్న గుంజను పీకలేరు. తిరిగి వస్తుంటే నాయన పాదంలో చేపముల్లు దిగి, రాత్రికల్లా కాలు వాచి జ్వరం వచ్చింది. తెల్లవారుజామున అన్న, చెంగయ్య మామ ఇద్దరే బయలుదేరారు.

పోతూ పోతూ అన్న నాతో అన్నాడు. "మే, పాటు తీసినాక ముందు గుంజ పీకి ఇరవై అడుగులు దక్షిణంగా పాతు. మద్దేన్నం లోపల అయిపోవాల. నాయన లేవలేడు. మరిచిపోబాక."

మరిచిపోలేదు. అలా జరిగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

పాటు తీసి నీళ్లు వెనక్కి పోయే వేళకు గడ్డపార తీసుకుని ఒడ్డు మీది సర్విచెట్ల తోపు దాకా వెళ్లాను. గుంజకు ఇవతల పదిమంది మగవాళ్లు ఒడ్డువల లాగుతున్నారు. ఆ ముందు నెల కొట్టుకుపోతున్న తెడ్డు కోసం నేను నీళ్లలో దిగితే వాళ్లలో ఒకడు, "పుస్తకాల పాప తడిసిందిరోయ్, ఎండలో పెట్టండి, అచ్చరాలు కారిపోతాయి" అన్నాడు. అందరూ నవ్వారు. లంగా కాళ్లకు అంటుకుని ఉంది. ఆ నవ్వు నెల రోజులు నా చెవుల్లోనే ఉంది.

వాళ్లు పోయాక దిగుదామని తోపులో కూర్చున్నాను. ఒళ్లో పుస్తకం ఉంది. కాలువ పడవలో కావలి నుంచి వచ్చిన నవల, మా పంతులుగారి భార్య ఇచ్చినది. చదువుతూ ఉండిపోయాను. తలెత్తేసరికి వల లాగేవాళ్లు లేరు. పోటు మొదలై గుంజ మొదలు నీళ్లలో ఉంది. వెళ్లి రెండు చేతులతో లాగాను. కదల్లేదు. ఒక అల వచ్చి మోకాళ్లు తడిపింది. వెనక్కి వచ్చేశాను.

ఇంటికి వెళ్లగానే నాయన కుక్కి మంచం మీద నుంచి అడిగాడు. "గుంజ జరిపినావా?"

"జరిపినా" అన్నాను.

అంతటితో ఆగలేదు. పుస్తకం తీసి గుంజలు అన్నచోట "సరి" అని రాశాను. చెంగయ్య మామ భార్యకు చెప్పి ఉంటే నలుగురు పరిగెత్తేవాళ్లు. ఏదైనా చేసేవాళ్లు. నేను నోరు తెరవలేదు. గడప దగ్గర కూర్చుని తడి లంగా ఆరబెట్టుకున్నాను. ఎండ వాలేదాకా అక్కడి నుంచి లేవలేదు. నాయన కాలికి కాపడం పెట్టాను. అల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పొద్దు బాగా పడమరకు తిరిగాక ఇద్దరూ వచ్చారు. బతికి వచ్చారు. తడిసిన తాడు భుజాన వేసుకుని చెంగయ్య మామ ముందు లోపలికి వచ్చాడు.

"ఏమే, గుంజ జరపమంటే నువ్వే గుంజవై నిలబడితివే. అల కొట్టుకోని పోయుంటే మీ నాయనకి ఏం చెప్పేది?" అన్నాడు. నవ్వుతున్నాడు, కానీ భుజాన తాడు దించడం మరిచిపోయాడు.

నాకు అర్థం కాలేదు. అన్న చెప్పాడు. మెట్ట దగ్గరికి వచ్చేసరికి ముందు గుంజ పాతచోటే కనిపించిందట. ఆ గుర్తు పట్టుకుని వస్తే తెప్ప తిరగబడేదే. ఎటు పోవాలో తెలియక తెడ్లు ఆపారు. అప్పుడు గుంజకు దక్షిణంగా, నడుము లోతు నీళ్లలో ఒక ఆడమనిషి రెండు చేతులూ నిటారుగా పైకెత్తి నిలబడి ఉందట. గుంజ ఊడిరాక నేనే ఆ చోట నిలబడ్డానని వాళ్లు అనుకున్నారు. ఆ మనిషినీ వెనక గుంజనూ ఒకటి చేసుకుని సందులోంచి వచ్చేశారు.

"ఇది యాడికి పోయింది, ఈడనే ఉండిందే" అన్నాడు నాయన.

"జొరంలో నీకేం తెలస్తాది నాయనా" అన్నాడు అన్న. తర్వాత నా వైపు చూసి, "అప్పుడే గుడ్డలు మార్చుకున్నావా?" అన్నాడు.

నేను అవునన్నట్టు తలూపాను. ఆ రోజు అది మూడో అబద్ధం.

మర్నాడు పాటు తీయగానే ఎవరూ రాకముందే ఒడ్డుకు వెళ్లాను. గుంజ పాతచోటే ఉంది. అడుగులు కొలిచి, పీకి, చెప్పినచోట పాతాను. ఆ పని ముందురోజు చేసి ఉంటే ఎంతసేపు పట్టేదో అప్పుడు తెలిసింది. పుస్తకంలో నాలుగు పేజీలు చదివేంతసేపు.

ఆ తర్వాత నాకు వీలైనంతగా విచారించాను. ఆ సాయంత్రం దిబ్బ మీద ఎండుచేపలు తిరగేస్తున్న ఒకామె ఉంది. గుంజ దగ్గర ఎవరినీ చూడలేదంది. తెప్ప రావడం మాత్రం చూసిందట. మా పాళెం ఆడవాళ్లలో ఎవరూ ఆ వేళ నీళ్లలో దిగలేదు. ఆ రోజుల్లో ఇటు పక్క పాళెంలో గానీ అటు పక్క గానీ ఎవరూ తప్పిపోలేదు, చనిపోలేదు. మొహం చూశారా అని చెంగయ్య మామను ఒకసారి ఊరికే అడిగినట్టు అడిగాను. పొద్దు ఒడ్డు వెనక ఉంది కాబట్టి మనిషి నల్లగా కనిపించిందని, జడ మాత్రం చూశానని చెప్పాడు. ఇద్దరికీ ఒకేచోట ఒకే భ్రమ కలిగిందా? కలిగినా, ఆ భ్రమ సరిగ్గా సందుకు ఎదురుగా ఎలా నిలబడింది?

మూడేళ్లు ఆ మెప్పు మోశాను. పెళ్లిచూపుల్లో కూడా చెంగయ్య మామ ఆ సంగతే ఎత్తాడు. మా పిల్ల నెమ్మదస్తురాలే గానీ గుండె గట్టిది అన్నాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను. వాళ్లు దాన్ని సిగ్గనుకున్నారు.

పోయిన నెల అన్నకు పెళ్లయింది. వదిన కొత్తగా వచ్చింది. సముద్రమంటే భయం ఆమెకు. అన్న ఆమెతో అన్నాడు. "నువ్వేం బయపడబాక. గుంజల సంగతి మా చెల్లెలు చూసుకుంటాది. అది ఉన్నంతవరకు నాకేం కాదు."

ఆ మాట తట్టుకోలేకపోయాను. మర్నాడు అన్న ఒంటరిగా తాడు పేనుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. తోపు, పుస్తకం, నవ్విన మగవాళ్లు, "సరి" అని రాయడం, మరుసటి రోజు వెళ్లి గుంజ జరపడం.

అన్న చేతిలో తాడు ఆగింది. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"మే, నిజంగా నువ్వు కాదా?"

"కాదన్నా."

"మేము దాటినాక ఎనక్కి తిరిగి చూళ్ళా" అన్నాడు. "నువ్వే గదా, వస్తావులే అనుకుంటిమి. మా ఎనకాలే పెద్ద అల ఇరిగింది. ఆమె ఒడ్డెక్కిందో లేదో."

నేను నిలబడవలసిన చోట ఆ రోజు ఎవరో నిలబడ్డారు. ఎవరో తెలియదు. ఒడ్డెక్కారో లేదో కూడా తెలియదు.